గుండీలు కోసుకున్న చొక్కాలు

మా నాయనమ్మ కన్నుమూసేదాకా ప్రతి రాత్రి ఒక దొరసాని కోసం ప్రార్థన చేసింది. ఆ దొరసాని పేరు ఆమెకు తెలియదు. ముఖం తెలియదు. ఏ దేశమో కూడా సరిగ్గా తెలియదు. తెలిసిందల్లా ఆమె ఓడలో పంపిన ఉన్నికోటు ఒక్కటే. ఆ కోటుకు గుండీలు లేవు.

అవి ఊడిపోయినవి కావు, కోసుకున్నవి. కత్తెర మొన తగిలిన చోట బట్టకు చిన్న చిన్న గాట్లు ఉండేవని, తెగిన దారం పోగులు కోసిన గడ్డి మొదళ్ళలా నిలబడి ఉండేవని నాయనమ్మ చెప్పేది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు ఒక కరువు ఏడు, శంకరంపేట పక్కన మా పల్లెకు మిషను వాళ్ళు మెదక్ నుంచి ఎడ్లబండి మీద బట్టలు తెచ్చి పంచారట. పరదేశపు విశ్వాసులు బీదల కోసం పంపిన బట్టలు. ఆమె వంతుకు ఆ కోటు వచ్చింది. ఎంత లాక్కున్నా రొమ్ము మీద ఎదురు అంచులు మూసుకోవు. నడుముకు సుతిలి తాడు కట్టుకుని ఆ చలికాలమంతా ఆమె దానితోనే చేలల్లో పనిచేసింది. ఊరు ఆమెకు సుతిలి దొరసాని అని పేరు పెట్టింది. ముసలితనంలోనూ ఆ పేరు పోలేదు. "ఏమే సుతిలి దొరసానీ, మీ ఓడ మళ్ళెప్పుడొస్తదే?" అని అంగట్లో అడిగేవాళ్ళు. ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ నేనూ విన్నాను.

"గుండీలెందుకు కోసుకున్నదవ్వా గామె?" అని ఒకసారి అడిగాను.

"ఏమో బిడ్డా. ఆమెకేం అవసరం పడ్డదో. కోటయితే ఇచ్చింది గద."

"నీకు కోపం రాలేదా?"

"చలి వెట్టినప్పుడల్లా వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆమె కోసం ప్రార్థన చేసిన. గట్లనే అలవాటైంది."

నాయనమ్మ క్షమించింది. నేను క్షమించలేదు. మా నాన్న పల్లెలు తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశకుడు. నేను ప్రార్థనలో మోకాళ్ళ మీద పెరిగిన దాన్ని. ఆదివారం బడిలో పిల్లలకు క్షమాపణ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ కోటు గుర్తొచ్చేది. ఆ దొరసాని చెడ్డ మనిషి కాదు. అదే నన్ను కాల్చేది. ఆమె ప్రార్థన చేసే మనిషి. బీదల కోసం కోటు తీసి పక్కన పెట్టింది, ఆ తర్వాత కత్తెర తీసుకుని కూర్చుంది. ఆ రెండు పనుల మధ్య దేవుడు ఆమెకు గుర్తు రాలేదు.

ఈ మధ్య సముద్రాల అవతల ఒక కొండల దేశంలో భూకంపం వచ్చింది. నడి చలికాలం. కూలిన మేడల పక్కన, మంచులో, జనం కార్పెట్లు కప్పుకుని కూర్చున్న దృశ్యాలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. మా సంఘం చిన్నది. మెదక్‌లో పెద్ద చర్చి గోపురం కనిపించే ఒక సందులో రేకుల కప్పు హాలు మాది. మా అయ్యగారు వయసులో చిన్నవాడు, పాస్టరుగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆయన ఆరాధనలో ప్రకటన చేశాడు. హైదరాబాదులో ఒక సహాయ బృందం బట్టలు పోగుచేసి ఆ దేశానికి పంపుతోంది, వచ్చే ఆదివారం సాయంత్రం శివ్వంపేటలో మూటలు ఎక్కించుకుని డీసీఎం వ్యాను మన దగ్గరికి వస్తుంది, వాడినవైనా ఫరవాలేదు, ఉతికి, వేసుకోదగ్గవి తెండి, చలికి ఆగేవి తెండి. చాలా స్పష్టంగా చెప్పాడు. అదే మాట వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి.

ఆ ఆదివారం నేను నిజంగా సంతోషించాను. ప్రసంగ వేదిక ముందు మూటలు నడుము ఎత్తు పేరుకున్నాయి. చీరలో కట్టినవి, బియ్యం సంచుల్లో కుక్కినవి, దుకాణం కవర్లలో పెట్టినవి. ఒకప్పుడు బండి మీద వచ్చిన బట్టలు కట్టుకున్నవాళ్ళ మనవలం మేము. ఈ రోజు ఇచ్చే చేతుల వైపు నిలబడ్డామని స్తోత్రం చేశాను. అయ్యగారు మూటల పక్కన అందరినీ నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆరాధన అయ్యాక మగవాళ్ళు ఇళ్ళకు పోయారు. మేము ఆడవాళ్ళం చాపలు పరుచుకుని మూటలు విప్పాము. స్త్రీల సమాజానికి నేను సెక్రటరీని. ఏరడం, మడతపెట్టడం, మళ్ళీ కట్టడం మా పని. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బయటికి పోయే ఏ అర్పణ మీదైనా స్త్రీల సమాజం సెక్రటరీ చెయ్యి ఉంచి ప్రార్థన చేయాలి. ప్రార్థన కాకుండా గడప దాటించరు.

మొదట నవ్వులే. సంఘ పెద్దగారి భార్య ఒక మూటలోంచి తళుకుల చీర పైకెత్తింది.

"ఇది జూడుండ్రి! గా మంచుల గీ చీర కట్టుకొని ఏడికి వోతరే?"

"పెండ్లికి పోతరు," అంది మా వదిన. "మంచు వడ్తే పెండ్లిండ్లు ఆగుతయా?"

మా వదిన అంటే మా అన్న భార్య, మేమంతా ఒకే ఇంట్లో ఉంటాము. ఆదివారం ఉదయం హాలు ఊడ్చేది ఆమె. ప్రేమ విందుకు డేగిసాల ముందు కూర్చునేది ఆమె. ఎవరి ఇంట్లో దుఃఖం వచ్చినా అన్నం వండుకుని పోయేది ఆమె. వాక్యం నాకంటే తక్కువ చదివింది, నాకంటే ఎక్కువ చేసింది. ఇది ముందే చెప్పి పెడుతున్నాను.

నేను ఒక తెల్ల చొక్కా విప్పాను. మంచి బట్ట, కాలరు నలగలేదు. మడత పెడదామని ఎదురు కలిపితే కలవలేదు. గుండీలు లేవు. ఒక్కటి కూడా లేదు. గుండీ ఉండాల్సిన చోట దారం పోగులు నిలబడి ఉన్నాయి.

పక్కన పెట్టాను. ఇంకోటి తీశాను. దానికీ లేవు. పిల్లల స్వెటరు ఒకటి, ముదురు ఆకుపచ్చది, చేతులతో అల్లింది. దానికీ లేవు. ప్యాంట్లకు కొక్కేలు పీకి ఉన్నాయి. లంగాలకు నాడాలు గుంజుకున్నారు. అడుగున ఒక నీలం గళ్ళ చొక్కా కనిపించింది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు మడత విప్పే పని లేకపోయింది. అది మా అన్న పుట్టినరోజుకు నేను కొనిచ్చింది. దానికీ గుండీలు లేవు.

మా ఇళ్ళల్లో ఈ అలవాటు అందరికీ ఉంది. చొక్కా పాతబడితే బ్లేడు తీసుకుని గుండీలన్నీ కోసి బిస్కెట్ల డబ్బాలో వేస్తాము. ఆ తర్వాతే చొక్కా మసిబట్ట అవుతుంది, బండి తుడిచే గుడ్డ అవుతుంది. బడికి పోయే పిల్లకు గుండీ ఊడితే ఆ డబ్బా బోర్లించి వెతుకుతాము. మా అమ్మ చేసింది, నేను చేస్తాను. ఇందులో పాపం లేదు. కానీ మసిబట్టకు చేసే పని మనిషి వేసుకునే చొక్కాకు చేశారు. అంటే ఈ మూటలు కట్టిన చేతులు ఆ మంచులో కూర్చున్నవాళ్ళను ముందే మసిబట్టల వైపు వేసేశాయి. నోటితో స్తోత్రం అంటూనే వేసేశాయి. అది తెలిసిన క్షణంలో నా చెవులు మండిపోయాయి.

"ఇవి ఎవరివి?" అని గట్టిగా అడిగాను. నీలం చొక్కా సంగతి తెలిసే అడిగాను.

చేతులన్నీ మడతలు పెడుతూనే ఉన్నాయి.

"ఎవలియైతేంది తియ్," అంది పెద్దగారి భార్య. "ఆడ కుట్టుకుంటరు."

"ఏడ కుట్టుకుంటరక్కా? ఇల్లే కూలింది. సూది ఏడిది?"

"పిన్నీసు వెట్టుకుంటరు."

"పిన్నీసులు పంపుతున్నవా మరి?"

"అబ్బో, ఊకో తల్లీ! ఉట్టిగ ఇచ్చే బట్టలకు గింత పంచాయితా? మీ అవ్వ కోటు కథ మాకు తెల్వదా? ఆమెనే ఏడ్వలేదు. నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

నాయనమ్మ ఏడవకపోవడం వాళ్ళకు అనుమతిపత్రం అయింది. బీదవాడు నోరు మూసుకుంటే ఇచ్చినవాడు నీతిమంతుడు అయిపోతాడు.

అప్పుడే అయ్యగారు లోపలికి వచ్చాడు. "అక్కా, బండి చీకటి వడకముందే వస్తదంట. మీరు ప్రార్థన చేస్తే కట్టేస్తం."

"నేను చెయ్య అయ్యగారూ."

ఆయనకు అర్థం కాలేదు. చొక్కా చేతికిచ్చాను. ఎదురు కలిపి చూశాడు. మొహం చిన్నబోయింది. కానీ వెంటనే సర్దుకున్నాడు. "దేవుడు హృదయాన్ని చూస్తడు గదక్కా. ఇచ్చిండ్రు, గది ముఖ్యం."

"హృదయమే కనవడ్తున్నది అయ్యగారూ, గందుకే చేస్తలేను. కుంటి పశువునూ గుడ్డి పశువునూ బలికి తోలుకొచ్చినోళ్ళను ప్రవక్త ఏమన్నడో మీరే మాకు బోధించిండ్రు. మీ అధికారికి పట్టుకపోయి ఇయ్యుండ్రి, ఆయన తీసుకుంటడా అని అడిగిండు. గీ చొక్కా మీ అత్తగారింటికి పంపుతరా?"

"అట్లగాదక్కా..."

"బీదోని దుప్పటి తాకట్టు వెట్టుకుంటే పొద్దుగూకకముందు తిరిగి ఇయ్యమన్నడు దేవుడు. ఎందుకు? వాడు ఇంకేం కప్పుకొని పంటడు అని. దేవునికి గంత వివరం వట్టింది. వాని పండుకునుడు గూడ ఆలోచించిండు. మనకు గుండీ గుర్తుకు రాలే."

"నేను చేస్తనక్కా ప్రార్థన, ఈ ఒక్కసారికి," అన్నాడు, మెల్లగా.

"చెయ్యుండ్రి. నేను ఆమేన్ అనను."

అయ్యగారు చొక్కా నా చేతికి తిరిగి ఇచ్చి, "మరేం చేద్దాం చెప్పుండ్రి," అన్నాడు. అందుకు ఆయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను.

"కుడదాం," అన్నాను. "మన సమాజం బీరువాల సూదులున్నయి, దారం ఉన్నది. గుండీలు కావాలె."

ఆదివారం కాబట్టి గుండీలు అమ్మే దుకాణం బందు. కానీ దుకాణం ఎందుకు? ఆ చాపల మీద కూర్చున్న ప్రతి ఆడదాని ఇంట్లో ఒక డబ్బా ఉంది. ఇళ్ళు దూరం కూడా కావు. ఆ సందు, ఆ పక్క సందు. పోయి వచ్చేంతలో చాయ్ కూడా మరగదు.

"మన ఇండ్లల్ల లేవా?" అన్నాను.

ఒక్కరూ లేవలేదు. చీర అంచు సవరించుకున్నవాళ్ళు, ఫోను చూసుకున్నవాళ్ళు, పక్కామె మొహం చూసినవాళ్ళు. కారణం అందరికీ తెలుసు. డబ్బా పట్టుకుని వచ్చిన మనిషే కోసిన మనిషి అవుతుంది. తేకపోతే ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎక్కడో పిల్లలు మంచులో ఉన్నారు, ఇక్కడ మా పరువు ఎండలో ఉంది. మా పరువే బరువు తూగింది.

"మా ఇంట్ల అట్లాంటియి ఉంచం," అంది పెద్దగారి భార్య. "గుండీ ఊడితే కొత్త అంగీనే కొంటడు మా ఆయన." ఒకరిద్దరు నవ్వారు.

మా వదిన లేచింది. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా బయటికి పోయింది.

"చూడుండ్రి, ఆడిబిడ్డ నోటికి భయపడి ఒదినె ఇంటికి పోయింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. దారం ఎక్కడం లేదు. కళ్ళకు ఏదో అడ్డం వస్తోంది, నీళ్ళు కావు, కోపం.

వదిన తిరిగి వచ్చింది. చంకలో మా ఇంటి గుండ్రటి బిస్కెట్ల డబ్బా ఉంది. చాప నడుమ నిలబడి మూత తీసి బోర్లించింది. గుండీలు చాప మీద పడి, కొన్ని అంచు దాటి నేల మీద దొర్లాయి. తెల్లవి, నల్లవి, రవికె కొక్కేలు, రోల్డుగోల్డు పూత పోయిన మా అన్న పెండ్లి కోటు గుండీలు.

"నేనే కోసిన," అంది. "మా ఇంట్లకెళ్ళి వచ్చిన బట్టలన్నిటియి నేనే కోసిన. ఉతికిన, ఇస్త్రీ చేసిన, చేతికి అలవాటు గనక గుండీలు కోసిన. రాళ్ళు ఎవలి చేతుల్ల ఉన్నయో ఎత్తుండ్రి."

ఎవరూ ఆమె మొహం చూడలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు అన్న అంగీ గుర్తువట్టినవ్. పట్టి గూడ అందరి ముంగట అడిగినవ్. ఇంట్ల అడుగరాదా ఓ సెక్రటరమ్మా?"

"ఇంట్ల అడిగితే నువ్వొక్కదానివే కుడ్తవు వదినె."

"మరిప్పుడేం జేస్తున్న?"

ఆమె కూర్చుని నా చేతిలోంచి సూది లాక్కుంది. ఒక్క పట్టుకే దారం ఎక్కించింది.

అప్పుడు కదిలారు అందరూ. నేరం చేసిన మనిషి దొరికింది కాబట్టి ఇక భయం లేదు. చుట్టూ చేరారు. వదిన గుండీల్లో వేళ్ళు పెట్టి ఏరుకున్నారు, సూదులు పంచుకున్నారు, మాటల్లో పడ్డారు. పెద్దగారి భార్య కూడా కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. "నీ దగ్గర మస్తు మంచియి ఉన్నయే," అంటూ ముత్యాల లాంటి గుండీలు ఎంచుకుంది. తన మూటలోంచి వచ్చిన చొక్కాకే అవి కుడుతోందని నేను చూశాను. ఆ మూట కట్టిన చీర ఎవరిదో నాకు తెలుసు, పోయిన క్రిస్మసుకు ఆమె ఒంటి మీదే చూశాను. నోరు తెరిచాను. వదిన నా తొడ మీద గిల్లింది.

"కుట్టు," అంది. "పొద్దువోతున్నది."

కుట్టాను. తెల్ల చొక్కాకు నల్ల గుండీ, మధ్యలో ఒక గోధుమరంగుది. అందం లేదు. మూసుకుంటే చాలు. ఆకుపచ్చ స్వెటరుకు మా అన్న పెండ్లి కోటు గుండీలు పడ్డాయి. వాటిని వదిన తనే కుట్టింది, దారం రెండు పొరలు వేసి, ఒక్కోదాన్నీ లాగి చూసి. చివరికి గుండీలు అయిపోయాయి. ఇంకా చొక్కాలు మిగిలాయి. డబ్బా అడుగున తుప్పు తప్ప ఏమీ లేదు. అప్పుడైనా ఎవరైనా లేస్తారేమో అని నేను చుట్టూ చూశాను. ఇప్పుడు లేచి ఇంటికి పోయి వచ్చినా వదిన పక్కన ఇంకో మనిషి నిలబడినట్టు అయ్యేది. ఆమె ఒక్కతే కాదని అయ్యేది. ఎవరూ లేవలేదు. గుండీలు లేనివాటిని నేను తీసి పక్కన పడేశాను. అవి బండి ఎక్కలేదు. వాటితో ఇప్పుడు హాలు కిటికీలు తుడుస్తున్నారు.

డీసీఎం వచ్చి సందు మొగదల హారను కొట్టింది. మూటలు కట్టాము. అందరూ లేచి నిలబడ్డారు. నేను మూటల మీద చెయ్యి పెట్టాను. పొడుగు ప్రార్థనలు చేసే అలవాటు నాది, ఆ రోజు రాలేదు.

"ప్రభువా," అన్నాను, "ఈ బట్టలు కట్టుకునేవాళ్ళకు మా కోసం ప్రార్థన చేయాల్సిన గతి పట్టనీయకు."

అయ్యగారు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. ముందుగా ఆమేన్ అన్నది మా వదిన.

బట్టలు చేరాయో లేదో నాకు తెలియదు. బృందం వాళ్ళు వందనాలు చెప్తూ అందరికీ ఒకటే మెసేజీ పంపారు. ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు, మంచి మనసుతోనే, వేదిక మీద నుంచి మా వదినకు కృతజ్ఞత చెప్పాడు. ఇంట్లో ఉన్న గుండీలన్నీ ఇచ్చిన సహోదరి అన్నాడు. ఆ రోజు హాలులో లేనివాళ్ళు ఎందుకని అడిగారు. ఉన్నవాళ్ళు చెప్పారు. తాము ఏం చేశారో చెప్పలేదు, ఆమె ఏం ఒప్పుకుందో చెప్పారు. వారం తిరగకముందే మా వదినకు గుండీలమ్మ అని పేరు పడింది. కూరగాయల దగ్గర ఒకామె నవ్వుతూ పిలిచింది, నేను పక్కనే ఉన్నాను. సుతిలి దొరసాని అని పిలిచినప్పుడు నాయనమ్మ ఎలా తల దించకుండా నడిచేదో వదిన కూడా అలాగే నడిచింది. ఆమెకు నాయనమ్మ రక్తం లేదు. ఆ నడక ఎక్కడి నుంచి వచ్చిందో.

మా ఇళ్ళల్లో వంతుల ప్రకారం గృహ కూడికలు జరుగుతాయి. అప్పటి నుంచి ఏ ఇంటికి పోయినా నేను ప్రార్థనలో కళ్ళు మూసుకోలేకపోతున్నాను. అందరూ తలలు వంచినప్పుడు నా కళ్ళు అలమారాల మీద, కుట్టు మిషను అడుగున, ఫ్రిజ్ మీద తిరుగుతాయి. దాదాపు ప్రతి ఇంట్లో ఒక గుండీల డబ్బా కనిపిస్తుంది, గుండ్రటిదో, చతురస్రపుదో. ఇది దేవుని సన్నిధిలో చేయాల్సిన పని కాదని తెలుసు.

పెద్దగారి ఇంట్లో కూడిక వచ్చింది. అయ్యగారు ప్రార్థిస్తున్నాడు. లోపలి గదిలో పెద్దగారి మనవరాలు, నడక నేర్చిన పిల్ల, ఏదో ఆడిస్తోంది. గలగల. మళ్ళీ గలగల. ఆ చప్పుడు తెలియని ఆడది ఆ గదిలో లేదు. పెద్దగారి భార్య స్తోత్రం, స్తోత్రం అని గొంతు పెంచింది. పిల్లకు అది ఇంకా నచ్చి డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఊపుతూ మా నడుమకే వచ్చి నిలబడింది.

ఆమేన్ అయింది. వదిన చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా," అంది పిల్లతో, చాలా ముద్దుగా. "మీ నాయనమ్మ ఆ రోజు మస్తు ఎతికి ఉంటది దీని కోసం. దొర్కనట్టున్నది."

పెద్దగారి భార్య మొహం ఎర్రబడింది. "చాయ్ తాగుండ్రి," అంది, లేచి. "సల్లారుతది."

నేను గ్లాసు ముట్టలేదు. ఆ ఇంటి చాయ్ నా గొంతు దిగదు. వదిన తనది తాగి, నాది కూడా తీసుకుని తాగింది.